ముందు బాకీ కట్టండి, పొదుపు తర్వాత చెబుదురుగాని

చిన్న వ్యాపారి ఎక్కడ దొరికినా కూర్చోబెట్టి పొదుపు పాఠం చెప్పడం పెద్దమనుషులకు అలవాటైపోయింది. టీవీలో చెబుతారు, ఫోన్ వీడియోల్లో చెబుతారు, ఏసీ హాళ్లలో జరిగే అవగాహన సదస్సుల్లో మైకు పట్టుకుని మరీ చెబుతారు. టీలు తగ్గించండి. పగటిపూట లైట్లు ఆర్పండి. కాగితానికి రెండు వైపులా ప్రింటు తీయండి. పనివాళ్లలో ఒకణ్ని మాన్పించి ఆ పని కూడా మీరే చూసుకోండి. ఇదంతా వింటున్నది ఎవరు? పొద్దున ఆరింటికి షట్టరెత్తి రాత్రి పదింటికి దించేవాడు. సరుకొచ్చిన అట్టపెట్టెను పారేయకుండా మడిచిపెట్టి కిలో లెక్కన అమ్ముకునేవాడు. పండక్కి పిల్లలకు బట్టలు కొని, తాను పాత చొక్కాతో సరిపెట్టుకునేవాడు. బండి మీద మిగిలిపోయిన నాలుగు ఇడ్లీలతో మధ్యాహ్నం కడుపు నింపుకునే టిఫిన్ సెంటర్ ఆమె. వీళ్లకు పొదుపు రాదని ఎవరు చెప్పారు?

ఈ పాఠాలు వింటుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏళ్ల తరబడి చిన్న షెడ్లకూ కొట్లకూ లెక్కలు రాస్తున్నవాణ్ని. టీ ఖర్చు వల్ల మూతపడిన దుకాణం ఒక్కటి కూడా నా కంట పడలేదు. మూతపడినవన్నీ ఎందుకు మూతపడ్డాయో వాటి ఖాతా పుస్తకాల్లోనే రాసి ఉంది. సరుకు తీసుకుని నెలల తరబడి డబ్బివ్వని పెద్ద కంపెనీలు. సాయంత్రమయ్యేసరికి కార్డు పట్టుకొచ్చే రోజువారీ ఫైనాన్సు. ప్రభుత్వం ఊరికే ఇచ్చే కాగితాన్ని వేలకు అమ్ముకునే బ్రోకర్లు. చిన్నవాడి కష్టం కారిపోతున్నది ఈ దారుల్లో. వీటి గురించి ఒక్క మాట అనకుండా కడుపు కట్టుకోమని అతనికే చెప్పడం సలహా కాదు, అన్యాయానికి వత్తాసు పలకడం.

లెక్క చూద్దాం. హైదరాబాద్ జీడిమెట్లలోనో బాలానగర్‌లోనో నలుగురు పనిచేసే ఒక లేత్ షెడ్డు అనుకోండి. రెండు పూటలా నలుగురికీ టీ, గ్లాసు పది రూపాయలు. రోజుకు 80. నెలకు 26 పనిదినాలు వేసుకుంటే 2,080. ఏడాదికి పాతికవేలకు నలభై రూపాయలు తక్కువ. ఇప్పుడు అదే షెడ్డు ఒక పెద్ద కంపెనీకి 4 లక్షల జాబ్ వర్క్ చేసి బిల్లు పెట్టింది. ఆ బిల్లు ఎనిమిది నెలలు కదల్లేదు. ఈలోపు ఇనుము కొనాలి, జీతాలివ్వాలి, కరెంటు బిల్లు కట్టాలి. యజమాని బయట రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెచ్చాడు. ఎనిమిది నెలల వడ్డీ 64,000. అంటే ఒక్క బిల్లు ఆలస్యానికి అయిన నష్టం పూడాలంటే ఆ షెడ్డులో నలుగురూ రెండున్నరేళ్లు టీ తాగకూడదు. పదిమందిలో నిలబెట్టి ఎవరికి పాఠం చెప్పాలో ఈ లెక్క చూశాక చెప్పండి.

బిల్లు ఎలా ఆగుతుందో దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు. మొదట స్టోర్స్‌లో సరుకు దించుకుని ముద్ర వేసి ఇస్తారు. తర్వాత క్వాలిటీ వాళ్లు చూడలేదంటారు. చూశాక పర్చేజ్ ఆర్డర్ నంబరు బిల్లు మీద తప్పు పడిందంటారు. సరిచేసి పంపితే అకౌంట్స్ ఆయన సెలవులో ఉన్నాడంటారు. ఆయన వచ్చేసరికి నెలాఖరు. నెలాఖరున కొత్త బిల్లులు ఎక్కించరు. మూడు నెలలు గడిచాక ఎక్కడినుంచో ఒక డెబిట్ నోట్ ఊడిపడుతుంది: అయిదు ముక్కలు కొలత తప్పాయి, కాబట్టి బిల్లులో కోత. ఆ అయిదు ముక్కలూ అప్పటికే వాళ్ల మిషన్‌లో బిగించి తిరుగుతూ ఉంటాయి. ఈ చిన్నాయన ఆ గేటు దగ్గర సెక్యూరిటీ పుస్తకంలో పేరు రాసి, ప్లాస్టిక్ కుర్చీలో గంటలు గంటలు కూర్చుంటాడు. తన డబ్బు తాను అడుక్కోవడానికి. అతని సొమ్ముతో ఆ కంపెనీ వడ్డీ లేని వ్యాపారం చేసుకుంటుంది.

ఇది దుర్మార్గమని చట్టమే చెప్పింది. 2006లో వచ్చిన సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం 15వ సెక్షన్ ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థ దగ్గర సరుకుగానీ సేవగానీ తీసుకున్నవాడు ఒప్పందంలో ఎన్ని రోజులు రాసుకున్నా 45 రోజులు దాటడానికి వీల్లేదు. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులే. దాటితే 16వ సెక్షన్ కింద రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు అయిదున్నర శాతం ఉన్నప్పుడు అది పదహారున్నర శాతం. ఆ వడ్డీని కంపెనీ తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా కూడా చూపుకోకూడదు. సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మూడు నెలల తర్వాత ఊడిపడే డెబిట్ నోట్‌కు ఈ ఒక్క మాటే జవాబు. ఈ మాట మన షెడ్లలో ఎంతమందికి తెలుసు? సదస్సుల్లో గంటలు గంటలు మాట్లాడే పెద్దలు దీన్ని ఎందుకు చెప్పరు? వేదిక మీద ముందు వరుసలో కూర్చునేది ఆ బిల్లులు ఆపినవాళ్లే కాబట్టి.

2023 ఆర్థిక చట్టం ఇంకో కొరడా తెచ్చింది. ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే నిబంధన చేర్చారు. సూక్ష్మ, చిన్న సంస్థకు గడువులోపు డబ్బు కట్టకపోతే, కట్టిన ఏడాదిలోనే ఆ మొత్తాన్ని ఖర్చుగా చూపుకోవాలి, అప్పటిదాకా దాని మీద పన్ను కట్టాలి. ఇది అమల్లోకి రాగానే ఏం జరిగింది? 2024 మొదటి నెలల్లో సూరత్ బట్టల మార్కెట్‌లో ఆర్డర్లు రద్దయ్యాయని వార్తలొచ్చాయి. చిన్న సంస్థగా చేయించుకున్న ఉద్యం రిజిస్ట్రేషన్ రద్దు చేసుకో, లేకపోతే నీ దగ్గర కొనం అని కొనుగోలుదారులు బెదిరించిన సంగతులు బయటికొచ్చాయి. డబ్బు సకాలంలో ఇవ్వమని చట్టం అడిగితే, ఇవ్వడం మానేసి, అడిగే హక్కునే వదులుకొమ్మన్నారు. పెద్ద వ్యాపారం చిన్న వ్యాపారాన్ని ఎలా చూస్తుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

"నోటీసిస్తే మళ్లీ ఆర్డర్ రాదండీ" అంటారు మా షెడ్ల వాళ్లు. ఈ భయం ఉత్తిది కాదు. నేను దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. ఒకే కంపెనీ మీద ఆధారపడి బతికే షెడ్డుకు ఆ కంపెనీ మొహం తిప్పుకుంటే పొయ్యి ఆరిపోతుంది. అయినా ఒకటి అడుగుతాను. ఎనిమిది నెలలకు డబ్బిచ్చే ఆర్డరు మీకు మిగుల్చుతున్నదెంత? ఆ 4 లక్షల జాబ్ వర్క్‌లో మీ లాభం పదిహేను శాతం వేసుకున్నా 60,000. వడ్డీకి పోయింది 64,000. మీరు ఎదురు డబ్బిచ్చి వాళ్లకు పని చేసిపెట్టారు. ఆ ఆర్డరు పోతే పోయేదేమిటి?

ఒంటరిగా నోటీసు ఇవ్వడానికి భయమేస్తే పదిమంది కలిసి ఇవ్వండి. ప్రతి పారిశ్రామిక ఎస్టేట్‌లోనూ ఒక అసోసియేషన్ ఉంది. వినాయక చవితికి చందాలు వసూలు చేస్తుంది, రిపబ్లిక్ డేకి జెండా ఎగరేస్తుంది. బిల్లులు ఆపే కంపెనీల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టమని అసోసియేషన్‌ను అడిగారా? కంపెనీల చట్టం కింద ఇలాంటి బకాయిలు 45 రోజులు దాటితే ఆ కంపెనీ ఆరు నెలలకోసారి, ఏప్రిల్ 30 లోపు, అక్టోబర్ 31 లోపు, ప్రభుత్వానికి ఎంఎస్ఎంఈ-1 అనే ఫారంలో చెప్పి తీరాలి. వార్షిక నివేదికలోనూ రాయాలి. మీకు బాకీ ఉన్న కంపెనీ అక్కడ సున్నా అని రాసిందా? అయితే ఆ కాగితమే మీ చేతిలో ఆయుధం. 250 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలు ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదికల మీద నమోదు కావాలని కేంద్రం 2024 నవంబరులో ఆదేశించింది. మీ బిల్లును కంపెనీ అక్కడ ఒప్పుకుంటే చాలు, బ్యాంకులు పోటీపడి తక్కువ వడ్డీ కోసుకుని మీకు డబ్బిచ్చేస్తాయి. తర్వాత కంపెనీ కట్టకపోతే బ్యాంకు మీ వెంట పడదు. బయట రెండు రూపాయల వడ్డీకి తిరిగే బదులు "ట్రెడ్స్‌లో పెట్టండి సార్" అని అడగడం నేర్చుకోండి.

ఏదీ కుదరకపోతే ఎంఎస్ఎంఈ సమాధాన్ ఉంది. 2017లో పెట్టారు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు వేస్తే అది రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళుతుంది. చట్టం 90 రోజుల్లో తేల్చమంది. తేలదు. ఏళ్లు పట్టిన కేసులున్నాయి, కౌన్సిళ్లు నెలల తరబడి సమావేశం కాని సందర్భాలున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడుగుతున్నాను: పరిశ్రమల పండగలకు విమానాల్లో విదేశాలు తిరిగే తీరిక మీకుంది, నెలకు రెండుసార్లు ఆ కౌన్సిల్‌ను కూర్చోబెట్టే తీరిక లేదా? అయినా ఫిర్యాదు వేయమనే చెబుతాను. కౌన్సిల్ తీర్పు మీద కంపెనీ కోర్టుకు పోవాలంటే తీర్పు సొమ్ములో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. అందుకే కేసు పడగానే చాలామంది రాజీకి దిగి చెక్కు పంపుతారు. ఒక జాగ్రత్త. సరుకు పంపకముందే మీకు ఉద్యం రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ తర్వాత చేయించుకుని పాత బిల్లులకు వడ్డీ అడిగితే కోర్టుల్లో నిలబడడం కష్టం. బిల్లు మీద ఉద్యం నంబరు అచ్చు వేయించండి. ఇంకో చేదు నిజం: కొని అమ్మే వ్యాపారులకు, అంటే కిరాణా, హోల్‌సేల్ కొట్లకు, 2021లో ఉద్యం ఇచ్చారుగానీ ఈ 45 రోజుల రక్షణ ఇవ్వలేదు. బ్యాంకు అప్పుల ప్రాధాన్యం వరకే ఇచ్చారు. సూపర్ మార్కెట్‌కు పచ్చళ్లు తయారుచేసి వేసే ఆమెకు ఉన్న రక్షణ, అదే సూపర్ మార్కెట్‌కు పప్పులు హోల్‌సేల్‌గా వేసే అతనికి లేదు. ఇది సరిదిద్దాల్సిన తప్పు.

ఇక రోజువారీ ఫైనాన్సు. దీన్ని తలచుకుంటేనే నాకు రక్తం ఉడుకుతుంది. చేతిలో పట్టేంత అట్ట కార్డు. ఒకవైపు పేరు, ఇంకోవైపు వంద గళ్లు. పదివేల అప్పు అని రాస్తారు, చేతికి ఎనిమిదిన్నర వేలు పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. సాయంత్రం బండి మీద వచ్చి గడిలో ఇంటూ పెట్టి వంద పట్టుకుపోతాడు. వాన పడి అమ్మకం లేకపోయినా, ఇంట్లో చావొచ్చినా గడి నిండాల్సిందే. "పదిహేను వందలే కదండీ, బ్యాంకు చుట్టూ తిరిగే ఖర్చు అంతకన్నా ఎక్కువ" అంటుంది పూలబండి ఆమె. ఆమె తప్పు లేదు, లెక్క అలా కనబడేట్టు చేశారు. మన వాడుక భాషలోకి మార్చి చూడండి. మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతూ వస్తోంది కాబట్టి, ఆమె చేతిలో సగటున నిలిచి ఉండేది నాలుగువేల పైచిల్లర మాత్రమే. దాని మీద వంద రోజులకు 1,500. అంటే నూటికి నెలకు పది రూపాయల వడ్డీ. ఏడాదికి 120 శాతం. ఊళ్లో ఎవరైనా పది రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడంటే "వాడి పని అయిపోయింది" అనుకుంటాం. కార్డు మీద వంద గళ్లుగా విడగొడితే అదే వడ్డీ కంటికి ఆనడం లేదు. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ వడ్డీ వ్యాపారుల అరాచకాలు బయటపడినప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. ఆ తర్వాత ఎవరి పనిలో వాళ్లు పడిపోయారు. కార్డులు మాత్రం ఆగలేదు.

అదే 8,500 రూపాయలు రూపాయి వడ్డీకి, అంటే ఏడాదికి 12 శాతానికి, బ్యాంకులో తీసుకుని వంద రోజుల్లో అలాగే కడితే అయ్యే వడ్డీ నూట నలభై. 1,500 ఎక్కడ, 140 ఎక్కడ? ఏడాదికి మూడు కార్డులు తిప్పే పూలబండి మీద ఈ ఒక్క తేడా నాలుగువేలు. లక్ష రూపాయల కార్డు తిప్పే కొట్టు మీద నలభైవేలు. టీ మానమని చెప్పిన పెద్దమనిషీ, ఇది నీ కంటికి కనబడలేదా?

బ్యాంకు ఇవ్వదంటారు. ఇవ్వాలి. వీధి వ్యాపారికి పీఎం స్వనిధి 2020 జూన్‌లో వచ్చింది. మొదటి విడత 10,000 ఉండేది, 2025లో 15,000 చేశారు, రెండో విడత 25,000, మూడో విడత 50,000. వేళకు కడితే ఏడాదికి 7 శాతం చొప్పున వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది. మున్సిపాలిటీలో మెప్మా వాళ్లను అడగండి. కొట్టు ఉన్నవాళ్లకు 2015 ఏప్రిల్ నుంచి ముద్ర ఉంది: 50,000 దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్, తరుణ్ తీసుకుని సక్రమంగా తీర్చినవాళ్లకు 20 లక్షల దాకా. డ్వాక్రా సంఘంలో ఉన్న ఆడవాళ్లకు సంఘం అప్పు ఉండనే ఉంది. పావలా వడ్డీ అన్న మాట ఈ నేల మీదే పుట్టింది. అలాంటి చోట అక్కచెల్లెళ్లు పది రూపాయల వడ్డీ కట్టడం చూస్తూ ఊరుకోవడం మనందరికీ సిగ్గుచేటు. సూక్ష్మ, చిన్న సంస్థలకు కనీసం 10 లక్షల దాకా అప్పుకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు కచ్చితంగా చెప్పింది. మేనేజరు ఇంటి కాగితాలు తెమ్మంటే, ఆ మాట రాసిమ్మనండి. రాసివ్వడు. బ్యాంకుకు ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. పైసా ఖర్చు లేదు. దారి చెప్పడానికి 14448 నంబరు ఉంది.

వెళ్లేముందు ఒక పని చేయండి. ఫోన్‌పే, గూగుల్‌పే డబ్బులన్నీ ఒకే ఖాతాలో పడేట్టు చూసి, ఆరు నెలల స్టేట్‌మెంట్ తీసి పట్టుకెళ్లండి. వ్యాపారం నడుస్తోందని చూపడానికి అంతకన్నా నమ్మకమైన కాగితం చిన్నవాడి దగ్గర ఇంకోటి ఉండదు. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే చిన్న సంస్థల టర్మ్ లోన్లకు బ్యాంకైనా ఫైనాన్స్ కంపెనీ అయినా కీలక వివరాల పత్రం ఇవ్వాలి. అన్ని చార్జీలూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. అప్పు ఇచ్చేవాడు నెలకు ఇంత కిస్తీ అని తియ్యగా చెబుతుంటే వినకండి, ఆ కాగితంలో ఆ ఒక్క అంకె చూడండి. 2026 జనవరి 1 నుంచి మంజూరైన, రెన్యూ అయిన మారే వడ్డీ అప్పుల్ని చిన్న సంస్థ ముందే తీర్చేస్తే వాణిజ్య బ్యాంకులు జరిమానా వేయకూడదు. కాబట్టి అలాంటి ఎక్కువ వడ్డీ అప్పు నెత్తిన ఉంటే తక్కువ వడ్డీకి మార్చుకోవడానికి జంకాల్సిన పనిలేదు.

బ్రోకర్ల సంగతికొస్తాను. ఉద్యం రిజిస్ట్రేషన్ 2020 జూలై 1 నుంచి ఉంది. పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్ ఉంటే ఫోన్‌లోనే అవుతుంది. రెన్యువల్ అనేది లేనే లేదు. అయినా ఇంటర్నెట్‌లో వెతికితే ముందు తగిలేవి అశోక చక్రంలాంటి బొమ్మ పెట్టుకుని, అచ్చం ప్రభుత్వ సైటులా తయారైన ప్రైవేటు దుకాణాలు. ఫారం నింపగానే రెండువేలో మూడువేలో కట్టమంటాయి. ఏడాది తిరగ్గానే "మీ ఉద్యం గడువు ముగిసింది" అని ఫోను. మా దగ్గరికొచ్చిన ఒక టైలరింగ్ ఆమె అలా రెండుసార్లు కట్టింది. ఆ డబ్బు ఆమెకు ఎన్ని జాకెట్ల కుట్టుకూలీ? ప్రభుత్వ సైటు చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ అని ఉంటుంది. అది లేనిచోట ఆధార్ నంబరు కొట్టకండి. ముద్రకు ఏజెంట్లు లేరు. ప్రాసెసింగ్ ఫీజు ముందు పంపితే ముద్ర లోను మంజూరు అన్నవాడు దొంగ. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ రుసుము లేదు. మీ సిబిల్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా మీకివ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. దానికి అయిదు వందలు తీసుకునేవాడి దగ్గర ఎందుకు నిలబడతారు? సేవ చేసి కూలి తీసుకునే ఆడిటర్లను, మీసేవ వాళ్లను నేను తప్పుపట్టడం లేదు. వాళ్ల పని వాళ్లది. ఉచితమన్న సంగతి దాచిపెట్టి "గవర్నమెంట్ ఫీజు" అని చెప్పి తీసుకునేవాళ్ల గురించే నా మాట. అది మోసం.

ఉద్యం సర్టిఫికెట్ గోడకు తగిలించి మర్చిపోయేవాళ్లకు ఇంకో మాట. ట్రేడ్‌మార్క్ దరఖాస్తుకు కంపెనీలు 9,000 కట్టాలి, ఉద్యం ఉన్న చిన్న సంస్థకు ఆన్‌లైన్‌లో 4,500. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తాము కొనేదాంట్లో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గరే కొనాలి. టెండరుకు వాళ్లు ధరావతు కట్టక్కర్లేదు. ఆ ధరావతు కోసమే అప్పు తెచ్చినవాళ్లను నేనెరుగుదును.

చిన్న చిల్లులు కూడా ఉన్నాయి, కాదనను. వాటిని గబగబా చెబుతాను. ఏడాదికి కోటిన్నర లోపు అమ్మకం ఉండి, నేరుగా జనానికే అమ్మే కొట్టుకు జీఎస్టీ కాంపోజిషన్ మంచిది; వ్యాపారికి ఒక్క శాతం పన్ను. కంపెనీలకు అమ్మేవాళ్లు మాత్రం దాని జోలికి వెళ్లకండి, కొనేవాడికి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, మిమ్మల్ని మానేస్తాడు. సరుకుకు రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. సరిహద్దు ఊళ్లలో పక్క రాష్ట్రం మాట విని మోసపోయినవాళ్లున్నారు. రెగ్యులర్ పన్ను కట్టేవాళ్లు ప్రతినెలా 14వ తేదీన వచ్చే 2బి స్టేట్‌మెంట్ తెరిచి చూడండి. మీకు సరుకమ్మినవాడు రిటర్ను వేయకపోతే మీరు కట్టిన పన్ను మీకు రాదు. అతనికి మిగతా డబ్బు ఇచ్చేముందే అడగండి. కొట్టు మూసేసినవాళ్లు జీఎస్టీ కూడా రద్దు చేయించుకోండి. అమ్మకం లేని రిటర్నుకు కూడా రోజుకు 20 రూపాయల ఆలస్య రుసుము పడుతూ ఉంటుంది.

కరెంటు బిల్లులో కాంట్రాక్ట్ లోడు అనే గడి ఒకటి ఉంటుంది. స్థిర చార్జీ దాన్నిబట్టే పడుతుంది. పాత మిషన్ అమ్మేసినా, ఏసీ తీసేసినా ఆ లోడు అలాగే ఉండిపోతుంది. తగ్గించమని దరఖాస్తు పెట్టుకోండి. 75 వాట్ల పాత ఫ్యాను తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే రోజుకు 12 గంటల చొప్పున నెలకు పదహారు యూనిట్లు తగ్గుతాయి; కమర్షియల్ రేటులో నూట యాభై రూపాయలు. ఫ్యాను ధర ఏడాదిన్నర, రెండేళ్లలో వచ్చేస్తుంది. యూపీఐలో బ్యాంకు ఖాతానుంచి వచ్చే డబ్బుకు వ్యాపారి దగ్గర చార్జీ తీసుకోకూడదు. 2020 జనవరి నుంచి అదే నియమం. డబ్బు పడిందని మాట్లాడే డబ్బాకు మాత్రం నెలనెలా అద్దె కోస్తారు. ఒకే కౌంటర్ మీద మూడు కంపెనీల డబ్బాలు పెట్టుకున్నవాళ్లు రెండు తిరిగిచ్చేయండి.

పనివాణ్ని మాన్పించమన్న సలహా ఒకటుంది చూశారూ, దాన్ని నేను అసలు ఒప్పుకోను. పన్నెండువేల జీతగాణ్ని తీసేసి ఆ పని నెత్తినేసుకున్న యజమాని బిల్లుల వెంట తిరగలేడు, బ్యాంకుకు వెళ్లలేడు, 2బి చూడలేడు. వేలు మిగుల్చుకోబోయి లక్షలు వదిలేసుకుంటాడు. పైగా ఆ తీసేసిన మనిషి కూడా చిన్నవాడే. పెద్దవాడు ఎగ్గొట్టిన డబ్బుకు మనకన్నా చిన్నవాడి పొట్ట కొట్టడం పొదుపు అనిపించుకోదు.

సలహాలిచ్చే పెద్దలారా, మీలో కంపెనీలు నడిపేవాళ్లుంటే ఇవాళే మీ అకౌంట్స్ విభాగాన్ని పిలిచి 45 రోజులు దాటిన చిన్న బిల్లుల జాబితా అడగండి. ఆ బాకీలు కట్టాక మైకు పట్టుకోండి. ప్రభుత్వాల్లో ఉన్నవాళ్లు చిన్న కాంట్రాక్టర్ల బిల్లులు, పరిశ్రమల రాయితీ బకాయిలు ముందు విడుదల చేయండి. అందరికన్నా ఎక్కువ కాలం బిల్లులు ఆపేది మీరే.

చిన్న వ్యాపారం చేసుకునే అన్నలూ అక్కలూ, ఈ ఆదివారం రెండు గంటలు కేటాయించండి. బిల్లుల ఫైలు తీయండి. 45 రోజులు దాటినవి ఒక పక్కన పెట్టండి. ఒక్కోదానికి బిల్లు నంబరు, తేదీ, సరుకు అందిన తేదీ, మీ ఉద్యం నంబరు, రావాల్సిన అసలు, 16వ సెక్షన్ ప్రకారం వడ్డీ రాసి, 15 రోజుల్లో కట్టమని ఉత్తరం తయారుచేయండి. సోమవారం పొద్దున ఈమెయిల్ చేయండి, స్పీడ్ పోస్టులో కూడా వేయండి. పోస్టాఫీసు రసీదు జాగ్రత్త చేసుకోండి.